వినకూడని సలహాలు: పరాయి దేశాల అణు ఇంధనం, ఊళ్లో మిగిలే వ్యర్థం

ఒక దేశం తన అణు రియాక్టర్లలో వాడేసిన ఇంధనాన్ని బరువైన ఉక్కు పీపాల్లో పెట్టి, ఓడలో ఇంకో దేశానికి పంపుతుంది. ఆ దేశం దాన్ని ముక్కలుగా కోసి, వేడి నైట్రిక్ ఆమ్లంలో కరిగించి, యురేనియాన్ని, ప్లుటోనియాన్ని వేరుచేసి కూలి తీసుకుంటుంది. దీన్నే రీప్రాసెసింగ్ అంటారు. ఈ వ్యాపారాన్ని పెద్ద ఎత్తున చేసినవి రెండే చోట్లు. ఒకటి ఇంగ్లండ్ వాయవ్య తీరంలోని సెల్లాఫీల్డ్, రెండోది ఫ్రాన్స్‌లో నార్మండీ తీరాన ఉన్న లా హేగ్. జపాన్, జర్మనీ, స్విట్జర్లాండ్, నెదర్లాండ్స్ లాంటి దేశాలు ఖాతాదారులుగా ఉండేవి.

వాడిన ఇంధనంలో నూటికి తొంభై అయిదు పాళ్లు యురేనియమే. ప్లుటోనియం ఒక పాలు. మిగిలిన మూడు నాలుగు పాళ్లలో సీజియం, స్ట్రాన్షియం వంటివి ఉంటాయి. రేడియోధార్మికతలో ఎక్కువ భాగం, వేడిలో ఎక్కువ భాగం ఆ మూడు నాలుగు పాళ్లలోనే ఉంటుంది. దాంతోపాటు కోసి పడేసిన లోహపు గొట్టాల ముక్కలు, వాడిన ద్రావకాలు, వడపోత బురద, పాడైన పరికరాలు, చేతి తొడుగులు కూడా పోగవుతాయి. ఇంధనం ఒక్కటే వచ్చింది గానీ, వ్యర్థాలు పది రకాలయ్యాయి.

ఈ పనికి దిగినవాళ్లకు పెద్దలు, నిపుణులు, మంత్రులు డెబ్భై ఏళ్లుగా కొన్ని సలహాలు ఇస్తూ వచ్చారు. అన్నీ వినడానికి నమ్మకంగానే ఉంటాయి. విన్నవాళ్లు ప్రతి ఒక్కదానికీ మూల్యం చెల్లించారు. అవే సలహాలు మళ్లీ మళ్లీ వినిపిస్తున్నాయి కాబట్టి ఒక్కొక్కటీ ఎందుకు వినకూడదో చెబుతాను.

"ముందు ఇంధనం దిగనివ్వండి, వ్యర్థం సంగతి తర్వాత చూద్దాం"

మిగిలిన తప్పులన్నిటికీ తల్లి ఈ సలహా. పెళ్లి భోజనాలకు బేరం కుదుర్చుకునేటప్పుడే విస్తళ్లు ఎవరెత్తాలో కూడా మాట్లాడుకుంటాం. సెల్లాఫీల్డ్‌లో అదొక్కటే మాట్లాడుకోలేదు. 1976కు ముందు బ్రిటన్ విదేశాలతో చేసుకున్న రీప్రాసెసింగ్ ఒప్పందాల్లో వ్యర్థాన్ని వెనక్కి తీసుకెళ్లాలన్న షరతే లేదు. జపాన్‌లోని తొకాయ్ నుంచి, ఇటలీలోని లాతినా నుంచి ఇంధనం వచ్చింది. పాత ఒప్పందాల కింద వచ్చిన ఇంధనంలోంచి పుట్టిన వ్యర్థం బ్రిటన్‌దే అయిపోయింది.

మంచి సలహా ఇచ్చినవాళ్లు లేక కాదు. 1976లోనే సర్ బ్రయన్ ఫ్లవర్స్ అధ్యక్షతన రాయల్ కమిషన్ ఒక నివేదిక ఇచ్చింది. దీర్ఘకాలం ప్రమాదకరంగా ఉండే వ్యర్థాన్ని భద్రంగా దాచే పద్ధతి ఉందని నిస్సందేహంగా రుజువయ్యేదాకా పెద్ద ఎత్తున అణుశక్తికి కట్టుబడవద్దని అందులో చెప్పారు. ఆ మరుసటి ఏడే, విదేశీ ఇంధనం కోసం థోర్ప్ అనే కొత్త కర్మాగారం కట్టాలా వద్దా అన్నదానిపై జస్టిస్ పార్కర్ వైట్‌హేవెన్ పట్టణంలో వంద రోజులు బహిరంగ విచారణ జరిపారు. కట్టమని సిఫారసు చేశారు. 1978లో పార్లమెంటు ఒప్పుకుంది. 180 కోట్ల పౌండ్ల ఖర్చుతో కట్టిన ఆ కర్మాగారం 1994లో పని మొదలుపెట్టి 2018 నవంబరులో ఆగింది.

థోర్ప్ పుట్టి, పనిచేసి, మూతబడింది కూడా. వ్యర్థాన్ని శాశ్వతంగా పూడ్చే గని మాత్రం బ్రిటన్‌లో ఈనాటికీ లేదు. సెల్లాఫీల్డ్ పక్కనే భూగర్భంలో పరిశోధన గని తవ్వుదామన్న ప్రతిపాదనను 1997లో ప్రభుత్వమే తోసిపుచ్చింది. మళ్లీ ప్రయత్నిస్తే 2013 జనవరిలో, సెల్లాఫీల్డ్ ఉన్న కంబ్రియా కౌంటీ కౌన్సిల్ కాదంది. ఇంకా స్థలం వెతుకుతూనే ఉన్నారు.

కాబట్టి ఇంధనం తీసుకునే ఒప్పందం మీద సంతకం పెట్టే ముందే, ఏ రకం వ్యర్థం ఎంత పుడుతుంది, ఏ రూపంలోకి మారుస్తారు, ఎక్కడ ఉంచుతారు, ఎన్నేళ్లకు ఎక్కడికి వెళుతుంది, ఆ ఖర్చు ఎవరిది అన్నవన్నీ కాగితం మీదికి రావాలి. ఒక్కదానికి జవాబు లేకపోయినా ఓడను రేవులోకి రానివ్వకూడదు.

"సముద్రం చాలా పెద్దది, కలిపేస్తే కలిసిపోతుంది"

సెల్లాఫీల్డ్ నుంచి సముద్రంలోకి రెండు కిలోమీటర్లకు పైగా గొట్టం ఉంది. తక్కువ స్థాయి రేడియోధార్మిక ద్రవాలను 1950ల నుంచి దానిగుండానే ఐరిష్ సముద్రంలోకి వదులుతూ వచ్చారు. తొలి రోజుల్లో అది పొరపాటున జరిగింది కూడా కాదు. ఆ పనిని దగ్గరుండి చూసిన జాన్ డన్‌స్టర్ 1958లో జెనీవాలో జరిగిన ఐక్యరాజ్యసమితి సదస్సులోనే చెప్పారు: చేపల్లోకి, నాచులోకి, ఇసుకలోకి ఎంత చేరుతుందో కొలవాలంటే కొలతకు అందేంత వదలాలి, అందుకే తగ్గించకుండా వదిలామని. సముద్రం ప్రయోగశాల అయింది. ఆ తీరాన చేపలు పట్టుకునేవాళ్లను మాత్రం ఎవరూ అడగలేదు.

1970ల మధ్యలో సీజియం విడుదల శిఖరానికి చేరింది. బ్రిటన్ తొలి తరం రియాక్టర్లలో వాడిన మాగ్నాక్స్ ఇంధనం నీటి చెరువుల్లో ఎక్కువ కాలం నానితే పైతొడుగు తుప్పుపట్టి, లోపలిది నీళ్లలోకి దిగుతుంది. ఆ నీళ్లే గొట్టంలోంచి సముద్రంలోకి పోయాయి. రీప్రాసెసింగ్ వేగం తగ్గి, చెరువుల్లో ఇంధనం పేరుకుపోవడమే అసలు కారణం. అంటే సముద్రంలోకి ఎంత పోతోందన్నది గొట్టం చివర నిలబడి చూస్తే అర్థం కాదు. చెరువులో ఎన్నాళ్లుగా నానుతోందో అడగాలి.

ఆ తర్వాత 1983 నవంబరు వచ్చింది. ట్యాంకులు కడిగేటప్పుడు పోకూడని ద్రావకం, రేడియోధార్మిక మడ్డి గొట్టంలోకి పోయాయి. అదే సమయంలో గ్రీన్‌పీస్ ఈతగాళ్లు ఆ గొట్టం చివర నమూనాలు తీస్తున్నారు. వాళ్లకే రేడియోధార్మికత అంటుకుంది. దాంతో విషయం బయటపడింది. అలలు ఆ మడ్డిని ఒడ్డుకు తెచ్చాయి. నాచుకు, తీరాన పడున్న తాళ్ల ముక్కలకు అది పట్టుకుంది. బీచ్‌లకు అనవసరంగా వెళ్లొద్దని ప్రభుత్వం ఇచ్చిన హెచ్చరిక నెలల తరబడి అమల్లో ఉంది. సెల్లాఫీల్డ్‌ను నడిపే కంపెనీపై కేసు నడిచి 1985లో పదివేల పౌండ్ల జరిమానా పడింది.

నా దృష్టిలో ఈ సలహా ఎంత తప్పో చెప్పడానికి అన్నిటికన్నా పనికొచ్చేది టెక్నీషియం-99 కథ. 1994లో సెల్లాఫీల్డ్‌లో ఒక కొత్త శుద్ధి ప్లాంటు పని మొదలుపెట్టింది. పాత ద్రవ వ్యర్థంలోంచి ప్లుటోనియం లాంటివాటిని అది బాగా తీసేసేది. టెక్నీషియాన్ని మాత్రం పట్టలేకపోయింది. అది నేరుగా సముద్రంలోకి పోయింది. దాని అర్ధాయువు రెండు లక్షల ఏళ్లు దాటుతుంది. నీళ్లలో తేలిగ్గా కరిగి ప్రవాహంతోపాటు ఎంత దూరమైనా పోతుంది. ఐరిష్ సముద్రపు లాబ్‌స్టర్లలో దాని మోతాదు ఒక్కసారిగా పెరిగింది. ప్రవాహం వెంట ఉత్తరానికి వెళ్లి నార్వే తీరపు నాచులో కనిపించింది. మోతాదు తక్కువే, తింటే ప్రమాదం లేదు అని బ్రిటన్ వాదించింది. లెక్కల ప్రకారం అది నిజం కావచ్చు. కానీ తన చేపలకు మంచి పేరు ఉన్న దేశం ఆ లెక్కతో సరిపెట్టుకోదు. నార్వే, ఐర్లాండ్ ఏళ్ల తరబడి పోరాడాయి. చివరికి 2004లో ఒక రసాయనం కలిపి టెక్నీషియాన్ని ఘనరూపంలో పేరుకునేలా చేసి, సిమెంటులో బిగించే పద్ధతి అమల్లోకి వచ్చింది. విడుదల ఒక్కసారిగా పడిపోయింది.

పదేళ్లపాటు కుదరదన్నది, పొరుగు దేశాలు గట్టిగా పట్టుబట్టాక కుదిరింది. కలిసిపోతుంది అన్న మాట ఒకసారి ఒప్పుకుంటే, ఇంకో దారి వెతకాల్సిన అవసరం ఎవరికీ కనిపించదు. సముద్రంలోకి ఏది పంపినా ముందు మూడు సంగతులు అడగండి: దాన్ని పట్టి ఘనంగా మార్చే పద్ధతి ఉందా, లేకపోతే వెతుకుతున్నదెవరు, అవతలి ఒడ్డువాళ్లకు చెప్పారా.

"ద్రవంగానే ట్యాంకుల్లో ఉండనివ్వండి, తొందరేముంది"

యురేనియం, ప్లుటోనియం తీసేశాక మిగిలే తీవ్ర రేడియోధార్మిక ద్రవాన్ని ట్యాంకుల్లో ఉంచుతారు. 1957 సెప్టెంబరు 29న సోవియట్ యూనియన్‌లో, యురల్స్‌లోని మాయక్ అణు కేంద్రం దగ్గర అలాంటి ఒక ట్యాంకు పేలింది. చల్లబరిచే ఏర్పాటు పాడైంది, లోపలి ద్రవం ఆవిరై ఎండింది, మిగిలిన ఉప్పు పేలింది. పదివేల మందికి పైగా ఊళ్లు వదలాల్సి వచ్చింది. అది సైనిక వ్యర్థం. అయినా ఈ భౌతికశాస్త్రానికి సైన్యం, పౌరుడు అన్న తేడా లేదు. సోవియట్ ప్రభుత్వం ఆ సంగతి ఒప్పుకున్నది 1989లో.

సెల్లాఫీల్డ్‌లో ఇలాంటి ద్రవం కోసం 21 ట్యాంకులు కట్టారు. లోపల చల్లని నీటి గొట్టాల చుట్టలు నిరంతరం పనిచేస్తూనే ఉండాలి. ఎందుకంటే ఆ ద్రవం తన వేడికి తానే మరుగుతుంది. దీన్ని గాజుగా మార్చే ప్లాంటు 1990 దశకం మొదట్లో వచ్చింది గానీ అనుకున్న వేగంతో పనిచేయలేదు. ద్రవం పుడుతున్నంత వేగంగా గాజు పుట్టలేదు. చివరికి 2001లో భద్రతా నియంత్రణ సంస్థ ఆదేశం ఇచ్చింది. 2015కల్లా ద్రవ నిల్వను నిర్ణీత స్థాయికి దించి తీరాలని.

గాజుగా మార్చడమంటే ఏమిటో తెలుసుకోవాలి. ద్రవాన్ని తిరిగే గొట్టంలో ఎండబెట్టి పొడిచేస్తారు. బోరోసిలికేట్ గాజు ముక్కలతో కలిపి 1,100 డిగ్రీల దగ్గర కరిగిస్తారు. ఎర్రగా మండుతున్న ఆ గాజును మనిషి నడుముకన్నా ఎత్తున్న, 1.3 మీటర్ల స్టెయిన్‌లెస్ స్టీలు డబ్బాలోకి పోస్తారు. ఒక్కో డబ్బాలో దాదాపు 400 కిలోలు. మూతపెట్టి వెల్డింగ్ చేస్తారు. అంతా మందపాటి గోడ అవతల, యాంత్రిక చేతులతోనే. ఆ తర్వాత గాలి దానంతటదే కిందినుంచి పైకి ప్రవహించే గోతుల్లో కనీసం యాభై ఏళ్లు చల్లారనిస్తారు. కరెంటు పోయినా గాలి ఆగదు. ట్యాంకుకూ గాజుకూ ఉన్న తేడా అదే. గాజు వేగాన్ని బట్టే ఇంధనం కోయాలి. ఇది ఎక్కడైనా సరే, మార్చకూడని నియమంగా పెట్టుకోవాలి.

"కొత్త ప్లాంటు, ఇది కారదు"

2005 ఏప్రిల్‌లో థోర్ప్‌లో మనుషులు అడుగుపెట్టలేని ఒక కాంక్రీటు గదిలోకి కెమెరా దించి చూశారు. నేలమీద ఆమ్లంలో కరిగిన ఇంధనం మడుగు కట్టి ఉంది. 83 ఘనపు మీటర్లు, అంటే 83 వేల లీటర్లు. అందులో దాదాపు 22 టన్నుల యురేనియం, 160 కిలోల ప్లుటోనియం ఉన్నాయి. వేలాడదీసిన తూకం ట్యాంకు ఊగి ఊగి, దానికి కలిపిన గొట్టం అలిసి విరిగింది. అది కారడం మొదలై అప్పటికే ఎనిమిది నెలలు దాటి ఉంటుందని తేలింది.

ఎనిమిది నెలలపాటు ఎవరికీ తెలియకపోవడమే ఇక్కడ పెద్ద సంగతి. అడుగున ద్రవం చేరితే చెప్పాల్సిన కొలత పరికరాలు సరిగా చెప్పలేదు. మధ్యలో తీసిన నమూనాల్లో యురేనియం కనిపించినా దాని వెంటపడి చూడలేదు. చివరికి పట్టించింది లెక్కల కాగితం. లోపలికి వచ్చిన ఇంధనానికీ ముందుకు వెళ్లినదానికీ పొంతన కుదరలేదు. కొత్త ప్లాంటు కదా, ఇక్కడ కారడమేమిటి అన్న ధోరణి సిబ్బందిలో పాతుకుపోయిందని కంపెనీ సొంత విచారణే రాసింది. స్టీలు పరిచిన గది కాబట్టి బయటికి చుక్క రాలేదు, ఎవరికీ గాయం కాలేదు. కట్టినవాళ్లకు ఆ మెప్పు దక్కాలి. నడిపినవాళ్లకు కోర్టు అయిదు లక్షల పౌండ్ల జరిమానా వేసింది.

కారుతుందనే అనుకుని కాపలా కాయండి. లెక్క కుదరకపోతే ఆ రోజే ప్లాంటు ఆపే అధికారం లెక్క చూసే మనిషికి ఇవ్వండి, మేనేజరుకు కాదు.

"ఖాతాదారుకు అన్నీ చెప్పక్కర్లేదు"

దీనికి ఒక్క ఉదాహరణ చాలు. 1999లో సెల్లాఫీల్డ్ నుంచి జపాన్‌లోని తకహామా రియాక్టరుకు ప్లుటోనియం కలిసిన మాక్స్ ఇంధనం వెళ్లింది. గుళికల వ్యాసాన్ని కొలిచి రాయాల్సిన చోట, పాత పట్టీల అంకెలనే దింపేశారని బయటపడింది. సెల్లాఫీల్డ్‌ను అప్పట్లో నడిపిన బ్రిటిష్ న్యూక్లియర్ ఫ్యూయల్స్ కంపెనీ అధిపతి 2000లో రాజీనామా చేశారు. ఆ ఇంధనాన్ని భూగోళం సగం చుట్టి 2002లో వెనక్కి తెచ్చుకున్నారు, నష్టపరిహారమూ కట్టారు. వ్యర్థం వ్యాపారంలో అమ్మేది నమ్మకమే.

"తిరిగి పంపిస్తామని రాసుకున్నాం కదా, ఇక చింత లేదు"

1976 తర్వాతి ఒప్పందాల్లో బ్రిటన్ ఈ షరతు పెట్టింది. ఫ్రాన్స్ ఇంకో అడుగు ముందుకేసి 1991లో చట్టమే చేసింది: విదేశీ వ్యర్థం శుద్ధికి అవసరమైన కాలానికి మించి ఫ్రెంచి నేలపై ఉండకూడదని. ఇది మంచి చట్టం. అయితే రాసుకున్నంత సులభంగా పంపడం కుదరదు.

1995లో లా హేగ్ నుంచి జపాన్‌కు మొదటిసారి 28 గాజు డబ్బాలు పసిఫిక్ పిన్‌టెయిల్ ఓడలో బయల్దేరాయి. రెండు నెలల ప్రయాణం చేసి ఏప్రిల్‌లో అవొమొరి తీరానికి చేరితే, గవర్నర్ కిమురా రేవులోకి రానివ్వలేదు. మా జిల్లాను శాశ్వత సమాధి చేయబోమని కేంద్ర ప్రభుత్వం రాసివ్వాలన్నారు. ఆ హామీ అందాకే, మర్నాడు, ఓడ రేవులోకి వచ్చింది. అది తమ దేశపు వ్యర్థమే. అయినా ఏ ఊరిది అన్న ప్రశ్న అక్కడ మొదలైంది. అవొమొరిలోని రొక్కషో నిల్వకేంద్రంలో ఆ డబ్బాలను 30 నుంచి 50 ఏళ్లు ఉంచాలని మాట. ముప్పై ఏళ్లు గడిచాయి. జపాన్‌కు ఇంకా శాశ్వత స్థలం లేదు. జర్మనీలో గోర్లెబెన్‌కు ఫ్రాన్స్ నుంచి వ్యర్థం వచ్చిన ప్రతిసారీ రైతులు ట్రాక్టర్లు అడ్డంపెట్టారు, జనం రైలు పట్టాలమీద కూర్చున్నారు, వేలమంది పోలీసులు దిగారు.

ఆస్ట్రేలియా కథ ఇంకా నేర్పుతుంది. సిడ్నీ దగ్గరి లూకస్ హైట్స్ పరిశోధన రియాక్టరు నుంచి 114 ఇంధన కడ్డీలు 1996లో స్కాట్లాండ్‌లోని డౌన్‌రేకు వెళ్లాయి. వాటి వ్యర్థం వెనక్కి వచ్చింది 2022లో. అది కూడా డౌన్‌రేలో పుట్టిన వ్యర్థం కాదు. దానికి సమానమైన రేడియోధార్మికత ఉన్న నాలుగు గాజు డబ్బాలు సెల్లాఫీల్డ్ నుంచి వచ్చాయి. డౌన్‌రేలో సిమెంటు కలిపి డ్రమ్ముల్లో పోసిన అసలు వ్యర్థం స్కాట్లాండ్‌లోనే మిగిలింది. ఇటు ఆస్ట్రేలియాలో కింబా దగ్గర జాతీయ వ్యర్థ కేంద్రం కడదామనుకుంటే, ఆ నేల ఆదివాసులైన బార్న్‌గార్లా ప్రజలు కోర్టుకెళ్లి 2023లో గెలిచారు. గాజు డబ్బాలు లూకస్ హైట్స్‌లోనే ఉన్నాయి.

ఈ మార్పిడి పద్ధతిని బ్రిటన్ 2004లో ప్రభుత్వ విధానంగానే ఒప్పుకుంది. పరిమాణంలో పెద్దదైన మధ్యస్థాయి వ్యర్థం మా దగ్గర ఉంచుకుంటాం, దానికి బదులు కొంచెం ఎక్కువ గాజు మీకు పంపుతాం అన్నది దాని సారం. ఇందులో మంచి ఉంది. ఓడ ప్రయాణాలు తగ్గుతాయి, దారి పొడవునా ముప్పు తగ్గుతుంది. నేను దాన్ని తప్పు అనను. కానీ విదేశీ ఇంధనం నుంచి పుట్టిన వేలాది డ్రమ్ములు కంబ్రియాలోనే, శాశ్వత చోటు లేకుండా ఉండిపోతాయన్న సంగతిని, అంతా తిరిగి వెళ్లిపోతుందని మొదట విన్న జనానికి అంతే గట్టిగా చెప్పాలి. మార్పిడి చేయాలంటే ఆ డ్రమ్ముల పక్కన బతికేవాళ్ల ఒప్పుదల ముందు తీసుకోండి.

"ప్లుటోనియం వ్యర్థం కాదు, ఆస్తి"

రీప్రాసెసింగ్‌కు మొదటి కారణం ఇదే. వేరుచేసిన ప్లుటోనియంతో ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్లు నడుస్తాయి, యురేనియం కరువు తీరుతుంది అన్నారు. బ్రిటన్ తన బ్రీడరును డౌన్‌రేలో 1994లో మూసేసింది. థోర్ప్ పని మొదలుపెట్టింది కూడా అదే ఏడాది. ప్లుటోనియం అవసరం పోయిన ఏడాదే దాన్ని తీసే కర్మాగారం తెరుచుకుంది! మరి ఆ ప్లుటోనియాన్ని మాక్స్ ఇంధనంగా చేద్దామని కట్టిన ప్లాంటు ఏడాదికి 120 టన్నులు చేయాల్సింది, మొత్తం బతుకులో 13 టన్నుల దగ్గర ఆగింది. ఫుకుషిమా తర్వాత జపాన్ నుంచి గిరాకీ పోవడంతో 2011లో మూతబడింది.

ఫలితంగా సెల్లాఫీల్డ్‌లో దాదాపు 140 టన్నుల ప్లుటోనియం పోగైంది. అందులో ఇరవై టన్నులకు పైగా విదేశాలది, ఎక్కువ భాగం జపాన్‌ది. దాచిపెడితే అది అలాగే ఉండదు. అందులోని ప్లుటోనియం-241 సగం పధ్నాలుగేళ్లలో అమెరీషియంగా మారుతుంది. అది గామా కిరణాలు వదులుతుంది. కాలం గడిచేకొద్దీ చేత్తో ముట్టడం, ఇంధనంగా చేయడం కష్టమవుతుంది. డబ్బాలు పాతబడతాయి, తుపాకులతో కాపలా ఎప్పటికీ కాయాలి. 2025 జనవరిలో బ్రిటన్ ప్రభుత్వం తన ప్లుటోనియాన్ని ఇంధనంగా వాడే ఆలోచన మానుకుని, ఘనరూపంలో బిగించి పూడ్చేద్దామని నిర్ణయించింది. అరవై ఏళ్లు ఆస్తుల పద్దులో రాసినది అప్పుల పద్దులోకి మారింది.

కొనేవాడు చేతిలో సంతకంతో నిలబడి ఉంటే తప్ప ప్లుటోనియాన్ని వేరుచేయకండి. వాడిన ఇంధనంలో ఉన్నంతకాలం అది తన రేడియోధార్మికతతో తనను తానే కాపాడుకుంటుంది.

"ఆ డబ్బుతో పాత కాలుష్యం కడిగేయొచ్చు"

2001లో రష్యాలో ఈ సలహా చట్టమైంది. విదేశాల నుంచి 20 వేల టన్నుల వాడిన ఇంధనం తెచ్చుకుంటే రెండువేల కోట్ల డాలర్లు వస్తాయి, దాంతో తేచా నది లాంటి చోట్లను శుభ్రం చేద్దాం అన్నారు. మాయక్ 1949 నుంచి కొన్నేళ్లపాటు ద్రవ వ్యర్థాన్ని నేరుగా కలిపింది ఆ నదిలోనే. రెఫరెండం కోసం ప్రజలు అంతకుముందు ఏడాదే దాదాపు 25 లక్షల సంతకాలు పోగుచేశారు. ఎన్నికల సంఘం లక్షల సంతకాలు చెల్లవంది, అవసరమైన 20 లక్షలకు అవి తగ్గిపోయాయి. చట్టం వచ్చింది. అనుకున్న డబ్బు రాలేదు.

సెల్లాఫీల్డ్‌లో డబ్బు వచ్చింది. థోర్ప్ తొమ్మిది దేశాల ఖాతాదారులకు తొమ్మిది వేల టన్నులకు పైగా ఇంధనం శుద్ధి చేసి, 900 కోట్ల పౌండ్ల దాకా ఆర్జించిందని అక్కడివాళ్లే చెబుతారు. అదే ఆవరణను శుభ్రం చేయడానికి 2125 దాకా 13,600 కోట్ల పౌండ్లు కావాలని బ్రిటన్ నేషనల్ ఆడిట్ ఆఫీస్ 2024లో లెక్క చెప్పింది. ఈ రెండో అంకెలో బాంబుల కాలపు చెత్త, బ్రిటన్ సొంత రియాక్టర్ల చెత్త కూడా ఉన్నాయి కాబట్టి మొత్తం విదేశీ ఇంధనం మీదికి నెట్టడం న్యాయం కాదు. అయినా వచ్చిన డబ్బు పాతదాన్ని కడిగిందని ఎవరూ అనలేరు. 1960లలో కట్టిన, మాగ్నాక్స్ ఇంధనం పైతొడుగు తొక్కులు వేసిన సైలో ఒకటి ఇప్పుడు కూడా రోజుకు రెండువేల లీటర్ల కలుషిత నీటిని నేలలోకి కారుస్తోంది. దాన్ని ఖాళీ చేయడానికి ఇంకా దశాబ్దాలు పడుతుంది.

మన సంగతి

భారతదేశం ఇతరుల ఇంధనాన్ని డబ్బుకు శుద్ధి చేసే దేశం కాదు. కానీ విదేశాలు అమ్మిన ఇంధనాన్ని వాడాక శుద్ధి చేసుకునే హక్కు కోసం గట్టిగా పోరాడి సాధించింది. కూడంకుళం ఇంధనం వాడాక వెనక్కి తీసుకెళ్తామని 1988 ఒప్పందంలో సోవియట్ యూనియన్ చెప్పింది. తర్వాత అది మారి, మన దగ్గరే ఉంచుకునేలా అయింది. అమెరికా ఇచ్చే ఇంధనం విషయంలో 2010 జులైలో ఒప్పందం కుదిరింది: అంతర్జాతీయ తనిఖీ కింద ఉండే రెండు కొత్త కేంద్రాల్లో మనమే శుద్ధి చేసుకోవచ్చని. హక్కు మనది అయినప్పుడు వ్యర్థమూ మనదే. దాన్ని అమెరికాకు పంపే షరతు ఎక్కడా లేదు.

శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ప్రతిపాదించిన ఆరు అమెరికా ఏపీ-1000 రియాక్టర్లు వస్తే, వాటి ఇంధనానికి వర్తించేది ఈ ఏర్పాటే. మన శాస్త్రవేత్తలకు గాజుగా మార్చడం తెలుసు. ట్రాంబే, తారాపూర్, కల్పక్కంలలో చేస్తున్నారు. వాళ్ల పనితనం మీద నాకు గౌరవం ఉంది. అయితే శాశ్వతంగా పూడ్చే చోటు మనకూ లేదు. సెల్లాఫీల్డ్‌లో 1976లో అడగాల్సినవి కొవ్వాడలో ఇప్పుడు అడగొచ్చు, ఇంకా సమయం ఉంది.

కొవ్వాడ, రణస్థలం వాసులకు, అక్కడి చేపల వేటగాళ్లకు, జిల్లా ప్రజాప్రతినిధులకు నా విన్నపం ఒక్కటే. నష్టపరిహారం ఎంత, ఉద్యోగాలు ఎన్ని అన్నవాటితోపాటు ఇంకో కాగితం కూడా అడగండి. వాడిన ఇంధనం ఇక్కడి చెరువుల్లో ఎన్నేళ్లు ఉంటుంది, ఆ తర్వాత ఏ ఊరికి వెళుతుంది, అక్కడ శుద్ధయ్యాక మిగిలినది ఏ నేలలోకి పోతుంది అన్నవి అందులో రాసి ఉండాలి. తర్వాత చూద్దామన్న జవాబు వస్తే ఒప్పుకోకండి.